టీఎస్‌హెచ్ తక్కువొచ్చిందని సంబరపడకండి

మొన్న మే నెలంతా నా స్మార్ట్‌వాచ్ ఒకటే గోల. కుర్చీలో కూర్చుని కోడ్ రాసుకుంటున్నా గుండె నిమిషానికి 115 సార్లు కొట్టుకుంటోందని చూపించేది. బెజవాడ ఎండల్లో ఎవరికి మాత్రం దడ, చెమట ఉండవు? రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, నేనెంత అనుకున్నా. పొద్దున్నే రెండు ప్లేట్ల ఇడ్లీ లాగించినా పదకొండింటికల్లా మళ్లీ ఆకలి. అయినా రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గా. గుడివాడలో పెళ్లికెళ్తే అందరూ "భలే సన్నబడ్డావే, ఏం డైట్?" అనడమే. ఆ పొగడ్తలకి పొంగిపోయా, అబద్ధమెందుకు.

మౌస్ పట్టుకుంటే వేళ్లు వణకడం మొదలయ్యాక రక్తపరీక్ష చేయించా. టీఎస్‌హెచ్ 0.01. మామూలుగా దాదాపు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. "తక్కువే కదా, మంచిదేలే" అంది అమ్మ. పిన్నేమో "థైరాయిడేనే, నా దగ్గర మందుంది" అని తను ఏళ్లుగా వాడే థైరాక్సిన్ సీసా చేతిలో పెట్టింది. మూడు రోజులు వేసుకున్నా కూడా. మూడో రాత్రి నా గుండె చప్పుడు నాకే దిండులోంచి వినిపిస్తుంటే భయమేసి, తెల్లారగానే డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. సీసా చూసి ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. అగ్నికి ఆజ్యం పోశానట.

మన ఇళ్లలో "థైరాయిడ్ ఉంది" అంటే చాలావరకు గ్రంథి మందగించడమే. పిన్నిది అదే. నాది పూర్తిగా ఉల్టా. గొంతు ముందు సీతాకోకచిలుకలా ఉండే ఆ గ్రంథికి పని చెప్పేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ. అది పంపే ఆర్డరే టీఎస్‌హెచ్. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఆర్డర్లు పెంచుతుంది, ఎక్కువైతే ఆపేస్తుంది. నాకు టీ3, టీ4 రెండూ ఎక్కువే వచ్చాయి. పైనుంచి ఆర్డర్లు ఆగిపోయినా కింద ఫ్యాక్టరీ నడుస్తూనే ఉందన్నమాట.

ఎందుకు నడుస్తోందో తేల్చకుండా మందు మొదలెట్టకూడదు. కొందరికి గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోన్ కారిపోతుంది. వాళ్లకి ఉత్పత్తి ఆపే మాత్రలు పనిచేయవు, చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. నాది గ్రేవ్స్ వ్యాధి. మన శరీరం తయారుచేసిన యాంటీబాడీలే టీఎస్‌హెచ్ వేషం వేసుకుని గ్రంథిని తోలుతుంటాయి. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. కళ్లు ఉబ్బే ప్రమాదం కూడా ఉంది, సిగరెట్ తాగితే అది ఇంకా ముదురుతుంది.

అన్నట్టు, జుట్టు రాలుతోందని బయోటిన్ గమ్మీలు తింటున్నారా? అవి కొన్ని ల్యాబ్ పరీక్షల్ని తికమకపెట్టి, లేని జబ్బుని ఉన్నట్టు చూపించగలవు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి.

నాకు కార్బిమజోల్ రాశారు. అది కొత్త హార్మోన్ తయారీనే ఆపుతుంది. గ్రంథిలో దాచుకున్న సరుకు అయిపోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా దడకి ప్రొప్రనొలాల్. ఆస్తమా ఉంటే అది కుదరదు, ముందే చెప్పాలి. గర్భం అనుకుంటున్నవాళ్లూ ముందే చెప్పాలి, మందు మార్చాల్సి రావచ్చు.

డాక్టర్ మూడుసార్లు చెప్పిన మాట ఒకటుంది. కార్బిమజోల్ అరుదుగా తెల్ల రక్తకణాల్ని పడగొట్టేస్తుంది. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుళ్లు వస్తే మాత్ర ఆపేసి అదేరోజు రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. ఆగస్టులో మా వీధిలో సగం మందికి జ్వరాలు. నాకూ 101 వచ్చింది. ఎప్పట్లా పారాసెటమాల్ వేసుకుని పడుకునేదాన్నే. ఆ మాట గుర్తొచ్చి రాత్రి ఎనిమిదింటికి ల్యాబ్‌కెళ్లా. కణాలు బాగానే ఉన్నాయి, ఉత్త వైరల్ జ్వరమే. 500 రూపాయలు పోయాయని ఏడవలేదు.

కోర్సు మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర. ఆపాక మళ్లీ తిరగబెట్టేవాళ్లూ చాలామందే. అప్పుడు రేడియో అయోడినో, ఆపరేషనో. పిన్ని సీసా తిరిగిస్తుంటే "ఉంచుకోవే, రేపు నీకే కావాల్సొస్తుందేమో" అని నవ్వింది. ఆ రెండిట్లో ఏది చేసినా తర్వాత చాలామందికి జీవితాంతం కావాల్సింది ఆ థైరాక్సినే అని డాక్టర్ కూడా చెప్పారు మరి.