గడువు తీరని నంబరు
2023 మే నెలలో మూవ్‌ఇట్ అనే ఫైళ్ల బదిలీ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని పట్టుకుని క్లాప్ అనే హ్యాకర్ల ముఠా దాడి చేసింది. అమెరికాలో కాలేజీల రికార్డులు చూసే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ నుంచి దాదాపు 890 విద్యాసంస్థలకు చెందిన వివరాలు బయటికి పోయాయి. వాటిలో పుట్టిన తేదీలతో పాటు అమెరికా ప్రభుత్వం ఒక్కో వ్యక్తికి ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబర్లూ ఉన్నాయి. పాస్‌వర్డ్ పోతే వెంటనే మార్చుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం దాదాపు ఎప్పుడూ మారదు. చదువు ముగించి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చేసిన తెలుగు విద్యార్థి పేరు మీద కూడా ఆ నంబరుతో అక్కడ ఎవరైనా అప్పు తీసుకునే ప్రమాదం ఉంటుంది. ఇలాంటి దాడి తర్వాత చాలా సంస్థలు ఏడాదో రెండేళ్లో ఉచిత క్రెడిట్ పర్యవేక్షణ ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. అది చాలదు. పర్యవేక్షణ అనేది మోసం మొదలయ్యాకే కబురు చెబుతుంది. క్రెడిట్ ఫ్రీజ్ అయితే కొత్త అప్పు పుట్టకుండానే అడ్డుపడుతుంది. 2018 సెప్టెంబరు నుంచి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇది ఉచితం, దీనివల్ల క్రెడిట్ స్కోరు తగ్గదు, అవసరమైనప్పుడు తాత్కాలికంగా ఎత్తేయవచ్చు. అయితే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ విడివిడిగా పెట్టుకోవాలి. పన్ను రీఫండును మరొకరు కాజేయకుండా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే ఆరంకెల ఐపీ పిన్ తీసుకోవడమూ అంతే ముఖ్యం. అది ఏటా మారుతుంది.