మెట్ట వంటింటి మాట

జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో పత్తి సాళ్ల మధ్య కంది వేస్తారు. ఈ సంచిక ఆ కందిపప్పు గురించే, దాని చుట్టాల గురించే. మాంసం లేని పూట ఇంటిల్లిపాదికీ ఏం వండాలో మన వంటిళ్లకు బాగా తెలుసు. గోంగూర పప్పు, దోసకాయ పప్పు, బొబ్బర్లు వేసిన వంకాయ కూర, అన్నిటికీ మించి ఉలవచారు. ఉలవలు రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఆ కట్టులో చింతపండు పులుసు పోసి చిక్కబడేదాకా మరిగించాలి. తొందరపడితే ఆ రుచి రాదు.

నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. బియ్యంలో, జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ లోటును పప్పు పూడుస్తుంది. ఐక్యరాజ్యసమితి 2016ను పప్పుధాన్యాల సంవత్సరంగా, 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అది పోస్టర్లతో ఆగిపోకూడదని మా పట్టుదల. పిల్లలు జొన్న సంకటి తినరంటారా? రొట్టె చేసి, వేడి పప్పుతో పెట్టి చూడండి. చారు దించాక ఉలవలు పారబోయకండి, తాలింపు పెడితే గుగ్గిళ్లు.