కొన్న ప్రాజెక్టు నోరు విప్పదు

‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి.’ ఇంటర్వ్యూ బోర్డు అడిగే వాటిలో ఇంతకంటే తేలికైన ప్రశ్న లేదు. సిలబస్ తిరగేయక్కర్లేదు, సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు. మీరు చేసిన పని మీరు చెప్పుకోవాలి, అంతే. అయినా చాలామంది ఈసీఈ, ట్రిపుల్‌ఈ విద్యార్థులు సరిగ్గా ఇక్కడే తడబడతారు. ఎందుకో మీకూ తెలుసు. ఆ ప్రాజెక్టు వాళ్లు చేసింది కాదు. నలుగురు కలిసి డబ్బులు వేసుకుని, తయారుగా ఉన్న బోర్డునీ దానితోపాటు రిపోర్టునీ కొనుక్కొచ్చారు. వైవా అయిపోయింది, మార్కులు పడ్డాయి. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ‘ఈ రెసిస్టర్ విలువ ఇంతే ఎందుకు పెట్టారు?’ అన్న ఒక్క ప్రశ్నతో కథ ముగిసిపోతుంది.

డిగ్రీ చేతికొచ్చేలోగా ఒక్క వస్తువైనా మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో చేయండి. ఏం చేయాలో తోచకపోతే ఒక సలహా: పాతకాలం పద్ధతిలో, వాల్వులతో పనిచేసే గిటార్ యాంప్లిఫైయర్ చేయండి. నవ్వకండి. ఈ సలహా వెనుక కారణాలున్నాయి.

ఈ రోజుల్లో వాల్వులేంటి?

తాతల కాలం రేడియోలో ఎర్రగా వెలిగే గాజు బుడ్డి ఇప్పుడెందుకని మీరు అడగొచ్చు. బందరు చుట్టుపక్కల వాళ్లయితే ఈ ప్రశ్నకు జవాబు మీ ఊళ్లోనే ఉంది.

మన ప్రాంతంలో బెల్ కంపెనీ తెలియనివారు లేరు. 1926లో బందరులో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1983లో తనలో కలుపుకొంది. అంతకు చాలా ముందే, 1961లో, బెంగళూరులో ఆ సంస్థ రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. బెల్ ముద్ర ఉన్న ఈసీసీ 83, ఈఎల్ 84 వాల్వుల కోసం పాత సామాను కొట్లలో వెతికేవాళ్లు నేటికీ ఉన్నారు. ఇక బందరు యూనిట్ పేరు చెబితే గుర్తొచ్చేది రాత్రిపూట చీకట్లో చూపించే నైట్ విజన్ పరికరాలు. పామర్రు దగ్గర నిమ్మలూరులో సుమారు రూ.360 కోట్లతో కట్టిన నైట్ విజన్ కర్మాగారాన్ని 2025 అక్టోబరులో ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు.

వాల్వులో ఏం జరుగుతుంది? గాలి తీసేసిన గాజు బుడ్డిలో వేడెక్కిన కాథోడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది. వోల్టేజీ వాటిని ఆనోడ్ వైపు లాగుతుంది. మధ్యలో ఉన్న గ్రిడ్ ఆ ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. నైట్ విజన్ పరికరం గుండెకాయ ఇమేజ్ ఇంటెన్సిఫైర్ ట్యూబ్. అందులో ఏం జరుగుతుంది? అక్కడా శూన్యమే, అక్కడా కాథోడే. వేడికి బదులు మసక వెలుతురు తగిలి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. వోల్టేజీ వాటిని ముందుకు తోస్తుంది. మధ్యలో సన్నటి రంధ్రాల పలక వాటిని వేల రెట్లు చేస్తుంది. చివర్లో ఫాస్ఫర్ తెర మీద బొమ్మ పడుతుంది. వాల్వు తాతయితే, ఇది మనవడు. ట్రాన్సిస్టర్ వచ్చాక వాల్వు చచ్చిపోయిందని రాసిన గైడు పుస్తకం ఈ సంగతి మీకు చెప్పదు. పడవల రాడార్లలోనూ వంటింటి మైక్రోవేవ్ ఓవెన్‌లోనూ ఉండే మాగ్నెట్రాన్ కూడా ఈ కుటుంబానిదే.

ఐసీలో కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది

మైక్రోకంట్రోలర్ బోర్డు తెచ్చి, ఎవరో రాసిన ప్రోగ్రామ్ ఎక్కిస్తే లైటు వెలుగుతుంది. మంచిదే. కానీ లోపల ఏం జరిగిందో మీకు తెలియదు, తెలుసుకునే వీలూ ఉండదు. వాల్వు యాంప్లిఫైయర్‌లో దాచేదేమీ లేదు. చిన్న యాంప్లిఫైయర్‌కు రెండే వాల్వులు చాలు. గిటార్ పికప్ నుంచి మిల్లీవోల్టుల్లో వచ్చే సిగ్నల్‌ను ఈసీసీ 83 పెంచుతుంది. ఈఎల్ 84 దానికి బలం ఇస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని స్పీకర్‌కు అందిస్తుంది. పట్టుమని ముప్పై, నలభై విడిభాగాలు. ప్రతిదాని మీదా మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు, ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఈఎల్ 84 కాథోడ్‌కు 135 ఓముల రెసిస్టర్ పెట్టారు. దాని మీద 7.2 వోల్టులు చూపించింది. 7.2ను 135తో భాగిస్తే సుమారు 53 మిల్లీఆంపియర్లు. అంటే ఒక్క వైరూ తెంపకుండానే కరెంటు ఎంతో తెలిసిపోయింది. అందులో స్క్రీన్ గ్రిడ్ వాటా 5 తీసేస్తే ఆనోడ్‌కు 48. ఆనోడ్ మీద 250 వోల్టులుంటే, 12 వాట్లు. డేటాషీట్ తెరిచి చూడండి, ఈఎల్ 84 ఆనోడ్ భరించగల గరిష్ఠ పరిమితి సరిగ్గా 12 వాట్లే. ఇప్పుడు మీకే ఒక అనుమానం రావాలి: ఊళ్లో కరెంటు 230 బదులు 245 వోల్టులు వస్తే ఈ వాల్వు గతి ఏంటి? ఆ అనుమానం వచ్చిందంటే మీరు సగం ఇంజినీరు అయినట్టే. దానికి విరుగుడు లెక్క వేశారంటే మిగతా సగం కూడా.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతీ అంతే. వాల్వుకు 5,200 ఓముల లోడ్ కావాలి. స్పీకర్‌కు ఉన్నది 8 ఓములు. నిష్పత్తి 650. దాని వర్గమూలం సుమారు 25.5. చుట్ల నిష్పత్తి అదే. ఇంపీడెన్స్ మ్యాచింగ్ అని పరీక్షల్లో రాసిన పాఠం ఇదే. ఈ లెక్క పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఒక్క మాట మాత్రం మర్చిపోకుండా చెప్పండి: ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లో డీసీ కూడా పారుతుంది కాబట్టి మామూలుగా పేర్చినట్టు ఈ, ఐ రేకులను ఒకదానిలో ఒకటి ఎదురెదురుగా పేర్చకూడదు. ‘ఈ’లన్నీ ఒకవైపు, ‘ఐ’లన్నీ మరోవైపు పేర్చి మధ్యలో కాగితం మందం సందు వదలాలి. లేకపోతే కోర్ శాచురేట్ అయిపోతుంది. దశాబ్దాలుగా తీగ చుట్టే మేస్త్రితో అరగంట కూర్చుంటే మాగ్నెటిక్స్ పేపర్లో అర్థం కానిదేదో అర్థమవుతుంది.

ఉప్పుగాలి చెప్పే పాఠం

ఇదే పని హైదరాబాద్‌లో చేయడం వేరు, గిలకలదిండిలో చేయడం వేరు. హార్బర్ పక్కన ఇల్లు ఉన్నవాళ్లకు తెలుసు, కొత్త సైకిల్ చైను ఎంత త్వరగా తుప్పు పడుతుందో. సోల్డరింగ్ చేశాక బోర్డు మీద మిగిలిన ఫ్లక్సు, దాని మీద చేరిన ఉప్పు తేమ కలిస్తే కరెంటు పాకడానికి దారి ఏర్పడుతుంది. 5 వోల్టుల బోర్డులో అది తెలియకపోవచ్చు. 300 వోల్టుల పక్కన 10 లక్షల ఓముల గ్రిడ్ రెసిస్టర్ ఉన్నచోట ఆ సన్నటి లీకేజీ మొత్తం బయాస్‌నే మార్చేస్తుంది. కాబట్టి ఫ్లక్సును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడవాలి, ఎక్కువ వోల్టేజీ తీగకూ గ్రిడ్ తీగకూ మధ్య దూరం ఉంచాలి, బోర్డుకు రక్షణ పూత వేయాలి.

ఇదేదో చిన్న చిట్కా అనుకోకండి. మన దగ్గర రక్షణ పరికరాలకు జేఎస్‌ఎస్ 55555 ప్రమాణం ప్రకారం చేసే పరీక్షల్లో ఉప్పు తుప్పు పరీక్ష కూడా ఒకటి. అదే ఉప్పుగాలిలో మన బోట్ల మీద జీపీఎస్, చేపల జాడ చూపే ఎకో సౌండర్, వైర్‌లెస్ సెట్లు రోజూ పనిచేయాలి. దేశంలో లక్ష చేపల పడవలకు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. అవి పాడైతే బాగుచేసేదెవరు? నడిసముద్రంలో సెట్టు మూగబోతే బోటులో ఉన్నవాళ్ల ప్రాణాలకు భరోసా ఎవరు? ఉప్పుగాలిలో ఎలక్ట్రానిక్స్‌ను బతికించడం తెలిసిన కుర్రాళ్లు ఈ తీరానికి కావాలి. అది చదివితే వచ్చేది కాదు. చేత్తో పట్టుకుని చూస్తేనే వస్తుంది.

ముందు ప్రాణం, తర్వాతే పాట

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. వాల్వు యాంప్లిఫైయర్‌లో 250 నుంచి 300 వోల్టుల డీసీ ఉంటుంది. అది మనిషిని చంపగలదు. ఎలక్ట్రానిక్స్‌లో ఇదే మీ మొదటి పని అయితే దీని జోలికి వెళ్లకండి. ముందు 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఎల్ఎమ్ 386 యాంప్లిఫైయర్ చేయండి. తర్వాత ఒక పవర్ సప్లయ్ చేయండి. చేయి కుదిరాకే వాల్వు దగ్గరికి రండి. వచ్చినా ఒంటరిగా చేయొద్దు. అనుభవమున్న టెక్నీషియనో, కాలేజీలో ల్యాబ్ సారో పక్కన ఉండాలి.

ప్లగ్ పీకేశాం కదా అని చేయి పెట్టకండి. 47 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 300 వోల్టుల దగ్గర రెండు జౌళ్ల శక్తిని పట్టుకుని కూర్చుంటుంది. దానికి అడ్డంగా 220 కిలో ఓముల బ్లీడర్ రెసిస్టర్ పెడితే టైమ్ కాన్‌స్టంట్ సుమారు 10 సెకన్లు. అయిదు రెట్లంటే 50 సెకన్లకు పైగా. ఆర్‌సీ సర్క్యూట్ ఎందుకు చదవాలని విసుక్కున్నవారికి సమాధానం ఇదే. ఆ తర్వాత కూడా మీటర్ పెట్టి సున్నాకు వచ్చిందని చూశాకే ముట్టుకోండి. ‘మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంది, షాక్ కొడితే ట్రిప్ అయిపోతుంది’ అన్న ధీమా పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు తగిలిన షాక్‌ను అది పసిగట్టలేదు. లోహపు పెట్టెకు ఎర్తింగ్ తప్పనిసరి. స్పీకర్ తగిలించకుండా యాంప్లిఫైయర్‌లో సిగ్నల్ పెంచితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అటక మీది పాత రేడియోను విప్పి వాడుకుందామనుకుంటే, మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని రకాలను అసలు ముట్టొద్దు, వాటి చాసిస్‌కే నేరుగా కరెంటు రావచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

ఈ జాగ్రత్తలు కూడా ఉద్యోగానికి పనికొచ్చేవే. ఫ్యాక్టరీలో, సబ్‌స్టేషన్‌లో, ఓడరేవులో సూపర్‌వైజర్ మొదట చూసేది మీ తెలివిని కాదు, మీరు ఎంత జాగ్రత్తగా పనిచేస్తారన్నదే.

డిగ్రీ లేనివాళ్లు చేసి చూపించారు

అమెరికాలో లియో ఫెండర్ కాలేజీలో చదివింది అకౌంటింగ్. 1938లో ఫుల్లర్టన్ ఊళ్లో రేడియో రిపేరు దుకాణం పెట్టాడు. గిటార్ వాయించడమే రాదు. అయినా గిటార్లకు, యాంప్లిఫైయర్లకు ఆయన పేరు ప్రపంచమంతా నిలిచింది. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్మర్ తన సంగీత వాయిద్యాల కొట్లో సొంత యాంప్లిఫైయర్ చేయించాలనుకున్నాడు. దాన్ని తయారుచేసిన వారిలో డడ్లీ క్రేవెన్ ఒకడు. ఈఎంఐ కంపెనీలో అప్రెంటిస్, వయసు 18. వాళ్లు ఫెండర్ వారి బాస్‌మన్ సర్క్యూట్‌ను ముందు పెట్టుకున్నారు. కానీ అమెరికా సరుకు ఖరీదు. అందుకని ఇంగ్లండులో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు, తర్వాత వాల్వులూ వాడారు. ఆ మార్పులతో ధ్వని కూడా మారింది. మార్షల్ శబ్దం అంటూ రాక్ సంగీతానికి ఒక గుర్తింపు వచ్చింది. దొరకని వస్తువు కోసం కూర్చోకుండా, దొరికిన దానితో లెక్క సరిచూసుకుని చేయడమే ఇంజినీరింగ్.

మన దగ్గర ఆ చేతివాటం లేదా? చిలకలపూడి రోల్డ్ గోల్డ్ పనివాళ్లను చూడండి. వెంట్రుకంత తీగను ఎంత నేర్పుగా అతుకుతారో. నేర్పు ఊళ్లో ఉంది. ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటి లోపలికి వెళ్లడం లేదు, అంతే.

నోటుబుక్కే మీ రెజ్యూమె

ఖర్చు గురించి ఒక మాట. ఇది చౌక పని కాదు. ట్రాన్స్‌ఫార్మర్లకే ఎక్కువవుతుంది. నలుగురు కలిసి ఒకటి చేయండి. ప్రాజెక్టు కొనడానికి వేసుకునే డబ్బులే విడిభాగాలకు వేసుకోండి. చర్చిలోనో కాలేజీ ఫెస్ట్‌లోనో గిటార్ వాయించే స్నేహితుడు ఉండనే ఉంటాడు, పరీక్షించి పెడతాడు.

మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్ పెట్టండి. ఒక వరుసలో లెక్క ప్రకారం రావాల్సిన వోల్టేజీ, పక్కన మీటర్ చూపించిన వోల్టేజీ, మూడో వరుసలో తేడా ఎందుకొచ్చిందో రాయండి. స్విచ్ వేయగానే పాట రాదు, ‘హమ్’ వస్తుంది. భయపడకండి. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ పెట్టి చూడండి. 50 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే హీటర్ తీగల దగ్గరో గ్రౌండింగ్‌లోనో వెతకండి. 100 హెర్ట్జ్ దగ్గర లేస్తే రెక్టిఫైర్ తర్వాతి ఫిల్టర్ చాలడం లేదని అనుమానించండి. ఈ రెండు ముక్కలు ఇంటర్వ్యూలో చెప్పి చూడండి. అవతలి వ్యక్తి కుర్చీలో ముందుకు జరుగుతాడు. ఎందుకంటే అది పుస్తకంలో మాట కాదు, మీరు పడ్డ కష్టం.

ఒక్క యాంప్లిఫైయర్ చేస్తే ఉద్యోగం వచ్చేస్తుందని చెప్పడం లేదు. బెల్ లాంటి సంస్థల్లో ప్రొబేషనరీ ఇంజినీర్ కావాలంటే రాతపరీక్ష గట్టెక్కాల్సిందే. గేట్‌కు చదవాల్సిందే. డిగ్రీ, డిప్లొమా అయినవారు నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌లకు దరఖాస్తు చేయాల్సిందే. కానీ రాతపరీక్ష గేటు దాకానే తీసుకెళ్తుంది. గేటు లోపల ‘మీరేం చేశారు?’ అని అడుగుతారు. గిటార్ యాంప్లిఫైయరే కానక్కర్లేదు. బోటు వైర్‌లెస్ సెట్టుకు పవర్ సప్లయ్ అయినా, రొయ్యల చెరువులో ఏరేటర్ ఆగిపోతే మోగే అలారం అయినా సరే. ప్రతి రెసిస్టర్ విలువకూ మీ దగ్గర సొంత సమాధానం ఉండాలి. ఈ సెమిస్టర్ సెలవుల్లోనే మొదలుపెట్టండి.