ట్యాబ్ ఇస్తే సరిపోదు, పక్కన మనిషి కావాలి

విడపనకల్లు నుంచి అనంతపురం పోవాలంటే ఉరవకొండ, కూడేరు దాటాలి. బళ్లారి దగ్గరే గానీ అది వేరే రాష్ట్రం. ఆటిజం ఉన్న బిడ్డను వారానికి మూడుసార్లు థెరపీకి తిప్పితే, మిరప కోతలకు పోయే తల్లికి మూడు రోజుల కూలి పోయినట్టే. అందుకే వీడియో గేమ్‌తో థెరపీ అనే మాట ఇలాంటి ఊళ్లలో ఆశ పుట్టిస్తుంది.

2020 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ తొలిసారిగా ఒక వీడియో గేమ్‌ను చికిత్సగా అనుమతించింది. పేరు ఎండెవర్‌ఆర్‌ఎక్స్. అప్పట్లో అది 8-12 ఏళ్ల ఏడీహెచ్‌డీ పిల్లల ఏకాగ్రత కోసం, ఆటిజానికి కాదు. ఈ తేడా దాచి యాప్‌లు అమ్మడం కన్నవాళ్లను మోసగించడమే.

ఆటిజం వరకు చూస్తే, స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల 2019 అధ్యయనం ఆలోచింపజేస్తుంది. అందులో 6-12 ఏళ్ల పిల్లలు 71 మంది. కొందరికి మామూలు థెరపీతో పాటు గూగుల్ గ్లాస్ అనే స్మార్ట్ కళ్లజోడు ఇచ్చారు. 20 నిమిషాల చొప్పున వారానికి నాలుగుసార్లు, ఆరు వారాలు. ఎదుటి ముఖంలో ఉన్నది నవ్వో కోపమో పట్టుకోవడమే ఆట. నలుగురితో మెలగడంలో ఆ పిల్లలే ముందుకొచ్చారు. అక్కడ చూడాల్సిన ముఖం తెర మీది బొమ్మది కాదు, ఇంట్లో మనిషిది.

ఫోన్ ఇచ్చి వదిలేస్తే కథ వేరు. పిల్లాడు అదే పది సెకన్ల శబ్దాన్ని మళ్లీ మళ్లీ తిప్పుకుంటాడు. లాక్కుంటే తల గోడకేసి కొట్టుకుంటాడు. ఆటిజం ఉన్న అబ్బాయిలు తోటివాళ్లకన్నా ఎక్కువసేపు గేముల్లో ఉంటారని 2013లోనే అమెరికా పరిశోధకులు చూపారు.

మనకు పనికొచ్చే దారి గోవాలో కనబడింది. అక్కడా, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, తల్లికే చూపించి, బిడ్డ ఎక్కడ స్పందించాడో గుర్తుపట్టించారు. ఆ తర్వాత పిల్లలు తల్లితో తామే మాట కలపడం పెరిగిందని 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రిక ప్రచురించింది. ఢిల్లీలో ‘స్టార్ట్’ యాప్‌ను కూడా ఇలాంటి కార్యకర్తలే నడిపారు. బుడగలు పగలగొట్టడం లాంటి ఆటలతో ఆటిజం లక్షణాలను పసిగట్టవచ్చని అది చూపింది.

మన అంగన్‌వాడీ కార్యకర్తల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్నాయి, బిడ్డల ఎత్తు, బరువు అందులోనే ఎక్కిస్తున్నారు. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు చేయాలంటోంది. ఆ పరీక్షల్లోకి ఇలాంటి ఆటలు రావాలి. తెలుగుతో పాటు కన్నడంలోనూ ఉండాలి, సరిహద్దు ఇళ్లలో రెండూ మాట్లాడతారు. తల్లులకు శిక్షణ ఊళ్లోనే జరగాలి, వచ్చిన తల్లికి ఆ రోజు కూలి కట్టివ్వాలి.