సంతకం ఎవరిది?

విజయవాడలో ఒక కింది కోర్టు 2025లో ఇచ్చిన ఉత్తర్వులో నాలుగు తీర్పులను ఉదహరించింది. ఆ నాలుగూ ఎక్కడా లేవు. కృత్రిమ మేధ అల్లి ఇచ్చినవి. ఇలాంటిది పొరపాటు కాదు, దుష్ప్రవర్తనే అవుతుందని 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. మంచిదే. అయితే లేనిదాన్ని ఉన్నట్టు రాయడం ఒక్కటేనా ప్రమాదం? ఉన్న మనిషిని లేనట్టు చేయడం సంగతేమిటి?

కృష్ణ దాటి గుంటూరు, ప్రకాశం పల్లెలకు వస్తే ఆ రెండోదే ఎక్కువ. పత్తి తీసేదీ మిరపకాయ కోసేదీ ఆడవాళ్లు. కౌలు మాత్రం నోటిమాట, పాసుపుస్తకం భూయజమానిది, ప్రోనోటు మీద సంతకం భర్తది. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కూడా కౌలుకార్డుకు యజమాని సంతకం అడిగింది. భర్త ఆత్మహత్య చేసుకుంటే, అతను రైతేనని ఆమె అధికారుల కమిటీకి కాగితాలతో రుజువు చేయాలి. 2004 నాటి 421 జీవో నుంచీ ఇదే తంతు. ఆమె కూడా రైతేనా అని అడిగేవారేరీ?

రేపు ఆ ఫైలును యంత్రం చదివి సారాంశం రాస్తే, కాగితంలో లేని మనిషి అందులోకి ఎలా వస్తుంది? ‘కౌలు ఆధారం లేదు’ అన్న పాత నిర్లక్ష్యమే శాస్త్రీయ నిర్ధారణగా చలామణీ అవుతుంది.

యంత్రమే వద్దనడం లేదు. పాత జీవోలు వెతకనివ్వండి, ఇంగ్లీషు ఉత్తర్వును తెలుగు చేయనివ్వండి. దాన్ని వాడిన సంగతి ఫైల్లో రాయండి, ఆమెకూ చెప్పండి. కానీ కాదనే అధికారం దానికివ్వొద్దు. ఊరికెళ్లి ఆమె మాట విన్న అధికారే కారణాలు రాసి సంతకం పెట్టాలి. అప్పీలుకెళ్లే ఆడమనిషికి ఎదురుగా జవాబు చెప్పాల్సిన పేరొకటి ఉండాలి.