పడమటికి వెళితే పొద్దు పోదు

హైదరాబాద్ పాతబస్తీలో, షాలిబండ ట్రావెల్స్ దుకాణాల్లో రోజూ వినిపించే ప్రశ్న: ‘జిద్దాకు ఎన్ని గంటలు?’ టికెట్ చూసి చెబితే జవాబు తప్పుతుంది. శంషాబాద్‌లో సాయంత్రం 4 గంటలకు విమానం ఎక్కితే జిద్దాలో ఏడింటికో ఏడున్నరకో దిగుతారని టికెట్ మీద ఉంటుంది. మూడు గంటల ముచ్చటే అనిపిస్తుంది. కానీ అవి ఎక్కడి టైములు అక్కడివి. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. కాబట్టి అసలు ప్రయాణం దాదాపు ఆరు గంటలు. దారి అదే సుమారు 4,100 కిలోమీటర్లు అయినా, వచ్చేటప్పుడు అయిదు గంటల చిల్లరకే ఇల్లు చేరతారు. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు వెనక నుంచి నెడతాయి మరి. చలికాలంలో ఆ ఊపు ఇంకా ఎక్కువ.

రంజాన్‌లో ఉమ్రా యాత్రకు మక్కా వెళ్లేవాళ్ల లెక్క వేరు. తెల్లవారుజామున ఇంట్లో సహరీ చేసి ఆ నాలుగింటి విమానం ఎక్కినవారికి రోజా, అంటే ఉపవాసం, సాగుతుంది. విమానం సూర్యుడి వెంట పోతుంది, కానీ అందుకోలేదు. ఈ అక్షాంశాల దగ్గర భూమి తిరిగే వేగం గంటకు 1,500 కిలోమీటర్ల పైమాటే, విమానం వేగం అందులో సగం చిల్లర. అందుకే పొద్దు కుంకుతుంది గానీ తీరిగ్గా. ఇక్కడ ఇంటిల్లిపాదీ ఇఫ్తార్ ముగించి, హలీం తిని, తరావీహ్‌కు బయల్దేరినా, అక్కడ విమానంలో ఉన్నాయన ఖర్జూరం చేతిలో పట్టుకుని కిటికీలో ఎర్రటి పొద్దును చూస్తూ కూర్చుంటాడు. ఇంచుమించు రెండు గంటలు అదనం. చూసుకోవలసింది చేతి గడియారం కాదు, కిటికీ. ప్రయాణికులు ఆ రోజు ఉపవాసం మానేసి తర్వాత తీర్చుకోవచ్చని మతమే వెసులుబాటు ఇచ్చింది. అయినా ఉండేవాళ్లు ఉంటారు.

ఇంకో గడువు మీఖాత్. మక్కా యాత్రికులు ఆ హద్దు దాటకముందే ఇహ్రాం దీక్షలో ఉండాలి. మగవాళ్లు కుట్టులేని ఆ రెండు తెల్లబట్టలూ శంషాబాద్‌లోనే కట్టుకుంటారు. విమానం జిద్దాలో దిగకముందే మీఖాత్ వస్తుంది, సిబ్బంది మైకులో చెబుతారు. నిమిషానికి పద్నాలుగు కిలోమీటర్లు పోయే విమానంలో కునుకు తీస్తే అంతే సంగతులు. ఒకప్పుడు ఓడలో వెళ్లినవాళ్లకు ఈ కంగారు ఉండేది కాదు. నాంపల్లిలో రైలెక్కి బొంబాయి, అక్కణ్నుంచి రోజుల తరబడి సముద్రం. ఆ హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి.

ఇక ఏ టికెట్ మీదా కనిపించని భాగం ఇల్లు దాటడం. చేతికి రక్షగా ఇమామ్ జామిన్ కట్టి, కుటుంబమంతా రెండు మూడు బండ్లలో వెంట బయల్దేరుతుంది. చార్మినార్ నుంచి విమానాశ్రయం ఇరవై కిలోమీటర్లు. సాయంత్రం విమానమైతే మధ్యాహ్నమే ఇల్లు వదలాలి. షాలిబండ దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది.

ఈ తిప్పలు తగ్గించాల్సిన పాతబస్తీ మెట్రో లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ బస్ స్టేషన్ దాకా వచ్చి మూసీ దగ్గర ఆగింది. ఫలక్‌నుమా వరకు మిగిలిన అయిదున్నర కిలోమీటర్లు మొదటి దశ ప్రణాళికలోనే ఉన్నాయి. వాటికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఎక్కడికైనా కొత్తగా డైరెక్ట్ ఫ్లైట్ వేస్తే పత్రికల్లో ఫొటోలు వస్తాయి. నన్నడిగితే ముందు ఆ అయిదున్నర కిలోమీటర్లకు ఒక తేదీ చెప్పమంటాను.

— మూసీవాసి