పాత వాల్వు యాంప్లిఫయరు, కొత్త చేతులు

వాడుక తప్పిన వస్తువుకు వెల పెరగడం లోకంలో అప్పుడప్పుడు జరిగే విచిత్రం. ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత మన ఇళ్లలోని వాల్వు రేడియోలు అటక లెక్కాయి. ఆపైన పాత సామాన్ల వాళ్ల బండి ఎక్కాయి. గిటారు వాద్యకారులు మాత్రం వాల్వును విడిచిపెట్టలేదు. దీనికి మొండితనం ఒక్కటే కారణం కాదు. శక్తికి మించిన సంకేతం వచ్చినప్పుడు ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు ధ్వనితరంగపు శిఖరాన్ని సాధారణంగా కత్తితో కోసినట్టు కోస్తుంది. వాల్వు దానిని మెల్లగా గుండ్రం చేస్తుంది. ఆ వైకల్యమే చెవికి ఇంపుగా ఉంటుంది. లోపమే గుణమైన సందర్భాలు అలంకారశాస్త్రంలోనే కాదు, విద్యుచ్ఛాస్త్రంలోనూ ఉన్నాయన్నమాట.

ఈ మోజు మన విద్యార్థులకూ అంటింది. పాత యాంప్లిఫయరును ఎక్కడో సంపాదించి, రెండు మూడు వీడియోలు చూసి, మంచం మీద బోర్లించి మరలు విప్పేవారు మన కళాశాలలోనూ ఉన్నారని మేము ఎరుగుదుము. దీనిని నిషేధించాలని కొందరు పెద్దల అభిప్రాయం. మేము ఆ పక్షం కాదు. మా వాదమల్లా ఒక్కటే: మార్పు చేసే హక్కు, ప్రాణాపాయం ఎక్కడ పొంచి ఉందో తెలిసిన తరువాతనే వస్తుంది.

యంత్రాన్ని విప్పడం అపచారమనే వారికి చరిత్రే సమాధానం చెబుతుంది. లియో ఫెండర్ 1938లో అమెరికాలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోల మరమ్మతు దుకాణం పెట్టుకున్న మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. ఆయన సంస్థ చేసిన బాస్‌మన్ యాంప్లిఫయరును ముందుంచుకొని, 1962లో లండనులోని జిమ్ మార్షల్ దుకాణంలో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనేవారు ఇంగ్లండులో దొరికే భాగాలతో అటువంటిదే ఒకటి కట్టారు. మొదటి వాల్వుగా 12ఏవై7 బదులు ఈసీసీ83 పెట్టారు. పది అంగుళాల స్పీకర్లు నాలుగింటికి బదులు పన్నెండు అంగుళాలవి నాలుగు, వెనుక మూసిన పెట్టెలో అమర్చారు. ఆ కొద్ది మార్పులతోనే వేరొక స్వరం పుట్టింది. నేడు అందరూ వెతుక్కునే మార్షల్ నాదం మూలంలో ఒక మార్పే.

అయితే ఈ చరిత్రలో నల్లని పుటలూ ఉన్నాయి. 1972 మేలో ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో లెస్ హార్వీ అనే గిటారిస్టు, సరిగా ఎర్తు చేయని మైకును తాకి వేదికపైనే మరణించాడు. 1976 మేలో యార్డ్‌బర్డ్స్ బృందపు గాయకుడు కీత్ రెల్ఫ్, ఎర్తు సరిగా లేని గిటారు వాయిస్తూ తన ఇంట్లోనే కన్నుమూశాడు. వారు కొత్తవారు కారు, ఆ విద్యతోనే బ్రతికినవారు.

ఇందులోని కీలకం గ్రహించాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు, త్రాడు పైపొర ద్వారా, యాంప్లిఫయరు ఛాసిస్‌కు కలిసి ఉంటాయి. కాబట్టి ఛాసిస్‌లోకి కరెంటు వస్తే అది వాయించేవాడి వ్రేళ్లలోకి వచ్చినట్లే. పాత అమెరికా యాంప్లిఫయర్లకు రెండు పిన్నుల త్రాడే ఉండేది. హోరు తగ్గించడానికి మెయిన్సు తీగకూ ఛాసిస్‌కూ నడుమ ఒక చిన్న కెపాసిటరు పెట్టేవారు. అది చెడి కలిసిపోయిన నాడు ఛాసిస్ అంతా కరెంటే. మెకానిక్కులు దానికి పెట్టిన పేరు మృత్యు కెపాసిటరు. కవులు పెట్టినా ఇంతకంటె తగిన పేరు పెట్టలేరు. దానిని తీసివేసి, మూడు తీగల త్రాడు వేసి, ఎర్తు తీగను ఛాసిస్‌కు ప్రత్యేకమైన బోల్టుతో బిగించడం మొదటి మార్పు కావాలి. స్వరం సంగతి ఆ తరువాత. ఇంతా చేసి గోడలోని సాకెట్టుకు మూడో రంధ్రం ఉందని తృప్తిపడితే చాలదు. మన పాత ఇళ్లలో ఆ రంధ్రం వెనుక తీగే లేకపోవచ్చు. ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించుకోవాలి.

రెండవ అపాయం కంటికి కనబడనిది. ప్లగ్గు పీకివేసినంత మాత్రాన యంత్రం చల్లబడదు. లోపలి ఫిల్టరు కెపాసిటర్లలో నాలుగు వందల వోల్టులకు పైగా నిలువ ఉండవచ్చు. ప్లగ్గు తీసి చాలాసేపయిన తరువాత కూడా అది కాటువేయగలదు. కొందరు స్క్రూడ్రైవరుతో రెండు కొనలూ కలిపి నిప్పురవ్వలు రాల్చి, అదే విద్య అనుకుంటారు. అది విద్య కాదు. పదివేల ఓముల, ఐదు వాట్ల రెసిస్టరు తీసుకొని, ఒక కొనను క్లిప్పుతో ఛాసిస్‌కు తగిలించి, రెండవ కొనను బాగా ఇన్సులేషను ఉన్న ప్రోబుతో కెపాసిటరు పాజిటివు కొనకు ఆనించాలి. నలభై మైక్రోఫారడ్ల కెపాసిటరయితే రెండు మూడు సెకండ్లలో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా నమ్మక మీటరుతో ఒక్కొక్కదానినీ కొలవాలి. ఖాళీ చేసిన కెపాసిటరులో కొంత వోల్టేజి తిరిగి తలయెత్తుతుంది గనుక పని ముగిసే వరకు ఆ రెసిస్టరును అలాగే తగిలించి ఉంచడం మేలు. పాత రేడియో ఉస్తాదులు శాగిర్దులను ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోమని గద్దించేవారు. రెండు చేతుల నడుమ గుండె ఉంటుందని వారికి పుస్తకం చెప్పనక్కరలేకపోయింది.

ఇక స్వరం మార్చడం. రంధ్రాలు తొలిచి కొత్త బిరడాలు బిగించడం మాకు సమ్మతం కాదు. తొలిచిన రేకు మళ్లీ పూడదు. మొదటి ఈసీసీ83 తీసి అదే సాకెట్టులో 12ఏవై7 గ్రుచ్చితే చాలు, వృద్ధి నూరునుండి నలభై నాలుగు స్థాయికి దిగి స్వరం మెత్తబడుతుంది. నచ్చకపోతే తిరిగి మార్చుకోవచ్చు. పవర్ వాల్వుల విషయం అంత తేలిక కాదు. 6ఎల్6 స్థానంలో ఈఎల్34 పెడతామని సరదాపడేవారు ఒక లెక్క చూడాలి. 6ఎల్6 ఫిలమెంటుకు 0.9 ఆంపియరు కావాలి, ఈఎల్34కు 1.5. జతకు 1.2 ఆంపియరు అదనం. ఆ భారం మోయలేని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఒకటవ పిన్ను వైరింగు, బయస్ కూడా సరిచూడాలి. ఎండిపోయిన పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మాత్రం ఏ సందేహమూ లేకుండా మార్చాలి. అన్నీ అసలువే ఉండాలని వాటిని పట్టుకొని వ్రేలాడేవారిని చూస్తే మాకు జాలి. తీసిన భాగాలను పొట్లం కట్టి దాచుకుంటే ఆ ముచ్చటా తీరుతుంది. స్పీకరు తగిలించకుండా యంత్రాన్ని ఎన్నడూ నడపరాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషను పోవచ్చు.

అమెరికా నుండి బంధువులు తెచ్చినవి 117 వోల్టులవైతే మన 230 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పదు. సామాన్యంగా బజారులో దొరికేవి చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. అవి వోల్టేజి తగ్గిస్తాయే గాని మనిషిని మెయిన్సు నుండి వేరుచేయవు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల, పరీక్షించిన ఎర్తు, ముప్పై మిల్లీఆంపియర్ల లీకేజి బ్రేకరు, ఒక మంచి మీటరు, కొత్తగా కట్టినదానిని తొలిసారి వెలిగించడానికి నూరు వాట్ల సీరీస్ బల్బు ఏర్పాటు చేస్తే ఖర్చు పెద్దది కాదు. బ్రేకరు లోపలి నాలుగు వందల వోల్టులకు అడ్డుపడదు. అందుకే బల్ల ప్రక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. పట్టణంలో వాల్వు పని ఎరిగిన వృద్ధ మెకానిక్కులు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వారానికొక సాయంకాలం, గౌరవ పారితోషికంతో, వారిని పిలిపించవలసిందని మా కోరిక. మన కుర్రవాళ్లు ఇంట్లో తలుపు వేసుకొని, ఒంటరిగా, అర్ధరాత్రి చేసే పని అప్పుడు పదిమంది నడుమ, పగటి వెలుగులో జరుగుతుంది.